గుడ్డు పెట్టి పాలిచ్చే జంతువు

పిల్లలూ! ఒక కాగితం తీసుకుని మధ్యగా నిలువుగీత గీయండి. ఎడమపక్క "గుడ్లు పెట్టేవి" అని, కుడిపక్క "పాలిచ్చేవి" అని రాయండి. ఇప్పుడు మీకు తెలిసిన జంతువుల పేర్లన్నీ ఏ పక్కవి ఆ పక్క రాసుకుంటూ పొండి.

కోడి, బాతు, కాకి, పాము, బల్లి, కప్ప ఎడమపక్కకు వెళతాయి. ఆవు, మేక, కుక్క, పిల్లి, ఉడుత కుడిపక్కకు వెళతాయి. గబ్బిలం దగ్గరకు వచ్చేసరికి మీరు కొంచెం ఆగుతారు. దానికి రెక్కలున్నాయి, అది ఎగురుతుంది. చూస్తే పిట్ట అనే అనిపిస్తుంది. కాని అది పిల్లను కని పాలిస్తుంది గనుక కుడిపక్కకే వెళ్ళాలి. తూర్పు కనుమల అడవుల్లో ఉండే అలుగుకు ఒళ్ళంతా పొలుసులే. అయినా అదీ పిల్లకు పాలిచ్చేదే. ఇలా పాలిచ్చే జంతువులన్నిటికీ క్షీరదాలని పేరు. క్షీరమంటే పాలన్నమాట.

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల చేత ఈ గీత గీయిస్తూ ఉండేవాణ్ణి. ఏ జంతువు పేరు చెప్పినా చివరకు ఏదో ఒక పక్కకు చేరవలసిందే. కాని దూరాన ఆస్ట్రేలియా ఖండంలో ఒక జంతువు ఉన్నది. అది గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోనుంచి వచ్చిన పిల్లలకు పాలు కూడా ఇస్తుంది! దాని పేరు ప్లాటిపస్. మరి దాన్ని ఏ పక్క రాస్తారు?

మీరు ఇప్పుడు తల గోక్కుంటున్నట్టే, గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులు కూడా 85 ఏళ్ళ పాటు తల గోక్కున్నారు. ఒకరితో ఒకరు వాదులాడుకున్నారు. ఆ కథ వినండి.

ముందు దాని రూపం చెబుతాను. ప్లాటిపస్ మరీ పెద్ద జంతువు కాదు. మూతి మొదలు తోక చివరిదాకా మూర పొడవు, అంతకు కాస్త ఎక్కువ. బరువు ఒక కిలో నుంచి రెండు కిలోల దాకా ఉంటుంది. ఒంటినిండా దట్టమైన గోధుమరంగు బొచ్చు. ఆ బొచ్చులో గాలి నిలిచి ఉండటం వల్ల నీళ్ళలో ఎంతసేపు ఈదినా చర్మం తడవదు. తోక వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. పాదాలకు బాతు పాదాలకు లాగా వేళ్ళ మధ్య పొర ఉంటుంది. ఇక మూతి సంగతి చెప్పనే అక్కరలేదు. అచ్చం బాతు ముక్కే! ఒక నీటికుక్క బాతు ముక్కు తగిలించుకుని నాటకంలో వేషానికి బయలుదేరినట్టుంటుంది.

1797లో ఆస్ట్రేలియాలోని హాక్స్‌బరీ నది దగ్గర ఆ దేశపు ఆదివాసి ఒకడు ఈ జంతువును ఈటెతో పొడిచి పట్టటం ఇంగ్లీషు గవర్నరు జాన్ హంటర్ చూశాడు. ఆ వింత జంతువు తోలును మరుసటి ఏడాది ఓడమీద ఇంగ్లండుకు పంపించాడు. 1799లో జార్జ్ షా అనే శాస్త్రజ్ఞుడు లండనులో ఇటువంటి తోలునే చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయన బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసేవాడు. వేలకొద్దీ జంతువులను చూసిన మనిషి. అయినా ఆయన తన కళ్ళను తానే నమ్మలేకపోయాడు.

ఎందుకంటే, ఆ రోజుల్లో తూర్పు దేశాల నుంచి వచ్చే నావికులు కొందరు కోతి మొండేనికి చేపతోక కుట్టి, "ఇదిగో మత్స్యకన్య!" అని అమ్ముతూ ఉండేవారు. ఇదీ అటువంటి మోసమే కాబోలు, ఎవరో బాతు ముక్కును తెచ్చి ఏదో జంతువు తోలుకు అతికించి ఉంటారని షాకు అనుమానం వచ్చింది. అందుకని ఎంతో జాగ్రత్తగా పరీక్షించాడు. మోసమేమీ కనిపించలేదు. అనుమానం పూర్తిగా వదలకపోయినా, తాను చూసింది చూసినట్టు రాసి, దానికి పేరుపెట్టి, బొమ్మతో సహా అచ్చువేయించాడు. ప్లాటిపస్ అంటే బల్లపరుపు పాదాలు కలది అని అర్థం.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. షాకు అనుమానం రావటం తప్పు కాదు. తెలివైనవాడికి అనుమానం రావలసిందే. ఆయన గొప్పతనం ఏమిటంటే, అనుమానం వచ్చిందని ఆ తోలును అవతల పారెయ్యలేదు. పరీక్షించి చూశాడు.

ఇంతకూ ఆ ముక్కు నిజంగా బాతు ముక్కేనా? కాదు. బాతు ముక్కు గట్టిగా ఉంటుంది. ప్లాటిపస్ మూతి మెత్తగా, తడిగా, తోలులాగా ఉంటుంది. దాన్ని ముక్కు అనటం కన్న చెయ్యి అనటమే న్యాయం. ఏమంటే, నీళ్ళలో అది అన్నిటినీ ఈ మూతితోనే తడుముకుని తెలుసుకుంటుంది.

ప్లాటిపస్ తూర్పు ఆస్ట్రేలియాలోనూ, దానికి దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలోనూ మంచినీటి వాగుల్లో, నదుల్లో నివసిస్తుంది. పగలంతా గట్టున తవ్వుకున్న బొరియలో పడుకుని, సాయంకాలం మసక చీకటి పడ్డాక తిండికి బయలుదేరుతుంది. నీళ్ళలో మునగగానే కళ్ళు మూసుకుంటుంది. చెవులు మూసుకుంటుంది. ముక్కు రంధ్రాలు కూడా మూసుకుంటుంది. మీరు దాగుడుమూతలు ఆడేటప్పుడు కళ్ళు మూసుకున్నా చెవులతో వింటారు గదా? దానికి అదీ లేదు. అయినా అడుగున బురదలో, రాళ్ళ సందుల్లో దాక్కున్న పురుగులనూ, రొయ్యలనూ, వానపాములనూ తప్పకుండా పట్టుకుంటుంది. ఎలా?

మన టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వచ్చే ఎర్రకాళ్ళ కొంగను చూసినవారికి సగం జవాబు తెలుసు. ఆ కొంగ బురదనీటిలో ముక్కు తెరిచి పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగిలిందో లేదో, టక్కున ముక్కు మూస్తుంది. అది కంటితో చూసి పట్టదు, స్పర్శతో పడుతుంది. ప్లాటిపస్ కూడా అలాగే తల అటూ ఇటూ ఆడిస్తూ ఈదుతుంది. అయితే దానికి స్పర్శతో పాటు మరొక శక్తి ఉన్నది. మనకు లేనిది, కొంగకూ లేనిది.

ఏ ప్రాణి అయినా కదిలినప్పుడు దాని కండరాలలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. రొయ్య తోక ఆడించినా పుడుతుంది. మనం దాన్ని కనిపెట్టలేము. ప్లాటిపస్ కనిపెడుతుంది. దాని మూతి చర్మంలో విద్యుత్తును పసికట్టే సూక్ష్మమైన అవయవాలు సుమారు 40,000 ఉన్నాయి. స్పర్శను తెలిపేవి సుమారు 60,000 ఉన్నాయి. ఈ రెండు కబుర్లనూ కలిపి చూసుకుని, తిండి ఏ పక్కన ఉన్నదో, ఎంత దూరాన ఉన్నదో అది తెలుసుకుంటుంది.

ఈ సంగతి 1986 దాకా ఎవరికీ రూఢిగా తెలియదు. ఆ సంవత్సరం జర్మన్, ఆస్ట్రేలియన్ శాస్త్రజ్ఞులు కలిసి ఒక తమాషా పరీక్ష చేశారు. నీటి తొట్టిలో చిన్న బ్యాటరీలను పెట్టి ప్లాటిపస్‌ను వదిలారు. టార్చిలైటులో వేసుకునే సెల్ లాంటివేననుకోండి. అది కళ్ళు మూసుకునే ఈదుతూ వెళ్ళి, శక్తి ఉన్న బ్యాటరీ మీద పడింది. శక్తి అయిపోయిన బ్యాటరీని పట్టించుకోలేదు!

దొరికిన తిండిని అది అక్కడికక్కడే తినదు. కోతి దవడలో శనగలు దాచుకున్నట్టు బుగ్గల సంచుల్లో నింపుకుని, అరనిమిషంలో పైకి తేలి, అప్పుడు నములుతుంది. నమలటానికి దానికి పళ్ళు లేవు. చిన్నప్పుడు వచ్చిన పళ్ళు ఊడిపోతాయి. వాటి స్థానంలో గట్టి పలకల వంటివి ఉంటాయి. వాటితోనే నూరుకుంటుంది. తినేసి మళ్ళీ బుడుంగున మునుగుతుంది. రాత్రి గంటల తరబడి ఇదే పని. ఒక్కొక్క రోజు తన బరువులో అయిదోవంతు తిండి దానికి కావాలి. 20 కిలోల బరువున్న కుర్రవాడు రోజుకు నాలుగు కిలోలు తిన్నట్టు! ఇంకొక వింత చెబితే నవ్వుతారు. ఇంత తినే ఆ జంతువుకు మనకున్నటువంటి జీర్ణకోశం లేదు. తిన్నది గొంతులోనుంచి నేరుగా పేగులోకి పోతుంది.

గట్టుమీదికి వచ్చిందంటే మరొక తమాషా. ముందుకాళ్ళ పొర గోళ్ళను దాటి బయటికి ఉంటుంది. నీళ్ళలో అదే తెడ్డు. నేలమీద నడిచేటప్పుడు ఆ పొరను అరచేతిలోకి మడుచుకుంటుంది. అప్పుడు గోళ్ళు బయటపడి తవ్వటానికి పనికి వస్తాయి. ఒకే చెయ్యి నీళ్ళలో తెడ్డు, గట్టుమీద గునపం!

చూడటానికి సాధువులాగా ఉన్నది గదా అని మగ ప్లాటిపస్‌ను చేత్తో పట్టుకుంటే మాత్రం చిక్కే. దాని వెనుక కాళ్ళ మడమల దగ్గర కోడిపుంజు కాలికత్తి లాంటి ముల్లు ఉంటుంది. ఆ ముల్లుకు విషపు తిత్తితో సంబంధం ఉన్నది. పొడిచిందంటే చెయ్యి వాచిపోతుంది. ఆ నొప్పికి మార్ఫిన్ మందు కూడా సరిగా పనిచేయదు. మనుషులెవరూ దానివల్ల చచ్చిపోలేదు గాని, కుక్కలు చచ్చిపోయినట్టు దాఖలాలున్నాయి. పాలిచ్చే జంతువుల్లో విషం గలవి చాలా అరుదు. ఈ విషం జతకట్టే రుతువులో ఎక్కువగా ఊరుతుంది గనుక, మగవి ఒకదానితో ఒకటి పోరాడటానికే ఇది ఉపయోగమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇప్పుడు అసలు తగాదాకు వద్దాం. ప్లాటిపస్‌కు బొచ్చు ఉన్నది. బొచ్చున్నవన్నీ పాలిచ్చేవే. కాని దీనికి చనుమొనలు లేవు. మరి పాలెక్కడివి? 1824లో మెకెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దాని పొట్టను కోసి చూసి, చర్మం కింద పాలగ్రంథులున్నాయని చెప్పాడు. ఫ్రాన్సులో జెఫ్రాయ్ సాంతిలేర్ అనే మహా పండితుడు ఒప్పుకోలేదు. ఈ జంతువు గుడ్లు పెడుతుంది, గుడ్లు పెట్టేది పాలివ్వటమెలా సాధ్యం, అవి పాలగ్రంథులు కానే కావు అన్నాడు. ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే మరో మహా పండితుడు, అవి పాలగ్రంథులే, అందుచేత అది గుడ్లు పెట్టి ఉండదు, గుడ్డు తల్లి కడుపులోనే పగిలి పిల్ల బయటికి వస్తుంది అన్నాడు.

చూశారా! ఇద్దరూ చెరి సగం నిజం చెప్పారు. ఒకరు గుడ్లున్నాయి, పాలు లేవన్నారు. ఇంకొకరు పాలున్నాయి, గుడ్లు లేవన్నారు. రెండూ ఉండవచ్చునని ఇద్దరికీ తోచలేదు. మన కాగితం మీది గీత లాంటి గీతే వాళ్ళ మనస్సులో కూడా ఉన్నది. ఆ గీతను వాళ్ళు దాటలేకపోయారు.

తమాషా ఏమిటంటే, ఈ పండితులు ఇలా వాదులాడుకుంటున్న కాలంలోనే జవాబు తెలిసిన మనుషులున్నారు. వాళ్ళు ఆస్ట్రేలియా ఆదివాసులు. వేల ఏళ్ళుగా ఆ వాగుల ఒడ్డున బతికినవారు. ఆ జంతువుకు మల్లంగాంగ్ అనీ, తాంబ్రీట్ అనీ ప్రాంతానికొక పేరు కూడా పెట్టుకున్నారు. అది రెండు గుడ్లు పెడుతుందని ఒక ఆదివాసి పెద్ద చెప్పిన మాటను పాట్రిక్ హిల్ అనే వైద్యుడు 1822లోనే రాసి ఇంగ్లండుకు పంపించాడు. కాని పండితులు ఆ మాటకు విలువ ఇవ్వలేదు. చదువులేనివాళ్ళకేం తెలుసు అనుకున్నారు.

పిల్లలూ, వాళ్ళను చూసి మనం నవ్వటానికి ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఎన్నో ఏళ్ళ కిందట నేను తాబేళ్ళ పాఠం చెబుతున్నాను. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు.

"మాస్టారండీ, తాబేలు గుడ్లెట్టీటప్పుడు ఏడుస్తాదండి. మా అయ్య సూసినాడండి," అన్నాడు.

క్లాసంతా గొల్లుమని నవ్వింది. నేనూ నవ్వాను. "తాబేలు ఏడవటమేమిటిరా? నోరు మూసుకుని కూర్చో," అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ ఏడంతా మళ్ళీ నోరు తెరిచి నన్ను ఏమీ అడగలేదు.

చాలాకాలం తరువాత ఒక పుస్తకంలో చదివాను. సముద్రపు తాబేలు ఉప్పునీరు తాగుతుంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపటానికి దాని కళ్ళ దగ్గర గ్రంథులున్నాయి. వాటినుంచి చిక్కటి ఉప్పునీరు కారుతూ ఉంటుంది. సముద్రంలో ఉన్నప్పుడు అది మనకు కనబడదు. గుడ్లు పెట్టటానికి రాత్రివేళ మన భావనపాడు, బారువ ఇసుక తీరాలకు వచ్చినప్పుడు చెక్కిళ్ళ మీదుగా కారటం స్పష్టంగా కనబడుతుంది. ఆ పిల్లవాడి తండ్రి నిజంగానే చూశాడు. పుస్తకం మూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వాడు చూసింది నిజం. దుఃఖంతో ఏడుస్తుందని అనుకున్నది మాత్రం సరికాదు. ఆదివాసి పెద్ద మాట కూడా సరిగ్గా ఇటువంటిదే. రెండు గుడ్లన్న మాట నిజం. కాని ఆ గుడ్డు కోడిగుడ్డంత ఉంటుందని కూడా ఆయన చెప్పినట్టు హిల్ రాశాడు. అది నిజం కాదు. కాబట్టి ఎవరేం చెప్పినా గుడ్డిగా నమ్మమని నేను అనటంలేదు. ముందు శ్రద్ధగా వినాలి. ఆ తరువాత వెళ్ళి చూడాలి. నేను విననూ లేదు, చూడనూ లేదు.

చివరకు వెళ్ళి చూసినవాడు విలియం కాల్డ్‌వెల్ అనే యువకుడు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదువుకుని, ఈ చిక్కు విప్పటానికి ఆస్ట్రేలియా వెళ్ళాడు. క్వీన్స్‌లాండులో బర్నెట్ నది ఒడ్డున గుడారాలు వేశాడు. అతనికి సాయం చేసినవారెవరనుకున్నారు? ఆ ఆదివాసులే! సుమారు 150 మంది అతని కోసం వాగులూ గట్లూ గాలించారు. 1884 ఆగస్టులో కాల్డ్‌వెల్‌కు ఒక ఆడ ప్లాటిపస్ దొరికింది. అది ఒక గుడ్డు పెట్టింది, ఇంకొక గుడ్డు కడుపులో ఉన్నది. ఆ కబురు తంతి మీద కెనడాలోని మాంట్రియల్ నగరానికి పోయింది. అక్కడ బ్రిటిష్ శాస్త్రజ్ఞుల మహాసభ జరుగుతున్నది. 1884 సెప్టెంబరు 2న ఆ తంతిని సభలో చదివారు. 85 ఏళ్ళ తగాదా ఆ చిన్న తంతితో తీరిపోయింది.

ఇంకా చిత్రం వినండి. అదే రోజున ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో విల్‌హెల్మ్ హాకే అనే శాస్త్రజ్ఞుడు మరొక సభలో ఎకిడ్నా గుడ్డు పెంకును చూపించాడు. ఎకిడ్నా అంటే మన ఏదుపందిలాగా ఒంటినిండా ముళ్ళున్న జంతువు. అదీ గుడ్డు పెట్టి పాలిచ్చేదే! లోకంలో ఇటువంటివి ప్లాటిపస్ ఒకటి, ఎకిడ్నాలలో నాలుగు రకాలు, అంతే.

ఈ కథలో సంతోషించకూడని సంగతి కూడా ఒకటి ఉన్నది. దాన్ని దాచటం తగదు. కాల్డ్‌వెల్ తన పరీక్షల కోసం ఈ జంతువులను పెద్ద సంఖ్యలో చంపించాడు. గుడ్డు పెట్టిన ఆ తల్లిని కూడా తుపాకితో కాల్చే పట్టుకున్నారు. మొదటే ఆదివాసుల మాట విని, ఓపికగా కాచుకుని చూసి ఉంటే అన్ని ప్రాణాలు పోయేవి కావు.

ఆ తల్లి గుడ్లు పెట్టే పద్ధతి ఇప్పుడు మనకు బాగా తెలుసు. గుడ్లు పెట్టే ముందు అది ఒక్కొక్కప్పుడు 20 మీటర్ల పొడవున బొరియ తవ్వుతుంది. తడి ఆకులను పొట్టకిందికి మడిచిన తోకతో బిగించి పట్టి లోపలికి మోసుకుపోయి పక్క వేసుకుంటుంది. దారి మధ్యలో మట్టితో అడ్డుకట్టలు కడుతుంది. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. ఒక్కొక్కటి మీరాడే గోలీ అంత ఉంటుంది. పెంకు కోడిగుడ్డు పెంకులాగా పెళుసుగా ఉండదు. తాబేటిగుడ్డు పెంకులాగా మెత్తగా ఉంటుంది. తాబేలు గుడ్లను ఇసుకలో పూడ్చి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఈ తల్లి అలా కాదు. పొట్టకూ తోకకూ మధ్య గుడ్లు పెట్టుకుని, ఉండలాగా చుట్టుకుని, సుమారు 10 రోజులు పొదుగుతుంది.

బయటికి వచ్చిన పిల్ల బొబ్బరిగింజంత ఉంటుంది. కళ్ళు తెరవదు, ఒంటిమీద బొచ్చు ఉండదు. తల్లికి చనుమొనలు లేవని చెప్పాను గదా? పొట్టమీద చర్మంలోనుంచి పాలు చెమటలాగా ఊరి బొచ్చు మీదికి వస్తాయి. పిల్లలు వాటిని నాకి తాగుతాయి. ఇలా బయటికి కారే పాలలో రోగక్రిములు సులభంగా చేరవచ్చు గదా అని మీకు సందేహం రావచ్చు. మంచి సందేహమే. ఆ పాలలో క్రిములను చంపే మాంసకృత్తు ఒకటి ఉన్నది. దాని నిర్మాణాన్ని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2018లో వెల్లడించారు. మందులకు లొంగని క్రిముల మీద అది పనికి వస్తుందేమోనని వారి ఆశ. పిల్లలు మూడు నాలుగు నెలల పాటు పాలు తాగి, పెరిగి, అప్పుడు నీళ్ళలోకి దిగుతాయి.

చాలామంది దీన్ని సగం బాతు, సగం నీటికుక్క అంటారు. అది పొరపాటు. ఇది దేనిలోనూ సగం కాదు. 16 కోట్ల ఏళ్ళకు పైబడిన వెనుకటి కాలంలో పాలిచ్చే జంతువుల వంశం రెండు కొమ్మలుగా చీలింది. ఆ వంశపు పూర్వీకులు గుడ్లు పెట్టేవే. ఒక కొమ్మ వారు ఆ అలవాటు మానుకున్నారు. ఆవు, పిల్లి, మీరు, నేను అందరమూ ఆ కొమ్మవాళ్ళమే. రెండో కొమ్మ వారు ముత్తాతల అలవాటు మానుకోలేదు. ప్లాటిపస్ ఆ కొమ్మది. పాత ఇంట్లో తాతలనాటి తిరగలి మిగిలినట్టు, దానిలో ఆ పాత పద్ధతి మిగిలిపోయింది.

అయితే ఒక జతను తెచ్చి మన నిమ్మాడ చెరువులో పెంచుకుంటే? అది బతకదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలయితే దాని ఒంటి వేడి 32 డిగ్రీలే. చల్లటి వాగులకు అలవాటుపడిన ప్రాణి, ఎండ వేడిమికి తట్టుకోలేదు. 1943లో, యుద్ధం జరుగుతూ ఉండగా, ఇంగ్లండు ప్రధాని చర్చిల్ తనకొక ప్లాటిపస్ కావాలని అడిగాడు. విన్‌స్టన్ అని ఆయన పేరే పెట్టి ఒక చిన్న మగదాన్ని ఓడ ఎక్కించారు. ఒడ్డు చేరటానికి కొద్ది రోజుల ముందు అది చచ్చిపోయింది. శత్రువుల జలాంతర్గామిని కొట్టటానికి పేల్చిన బాంబుల మోతకు బెదిరి చచ్చిందని అందరూ అనుకున్నారు. ఓడలో దాన్ని చూసుకున్న మనిషి రోజూ రాసిన లెక్కల పుస్తకాన్ని పరిశోధకులు బయటికి తీసి చదివిన సంగతి 2025లో ప్రకటించారు. భూమధ్యరేఖ దాటే రోజుల్లో వారం పాటు వేడి 27 డిగ్రీలు మించి ఉన్నదట! వేసవిలో మన చెరువునీటి వేడి ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

ఆ విన్‌స్టన్‌ను పంపినవాడు డేవిడ్ ఫ్లే అనే జంతుప్రేమికుడు. మెల్‌బోర్న్ నగరానికి దగ్గరలో ఉన్న హీల్స్‌విల్ జంతుశాలలో ఆయన పనిచేసేవాడు. జాక్, జిల్ అనే రెండు ప్లాటిపస్‌లను ఆయన ఎంతో ఓపికతో సాకాడు. 1943 చివర వాటికి పిల్ల పుట్టింది. మనుషుల సంరక్షణలో ప్లాటిపస్ పిల్ల పుట్టి పెరగటం అదే మొదటిసారి. అక్కడ మళ్ళీ పిల్లలు పుట్టటానికి 50 ఏళ్ళకు పైగా పట్టిందంటే అది ఎంత సిగ్గరి జంతువో చూడండి! మెల్‌బోర్న్‌లో ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. మీ బంధువులెవరైనా అక్కడ ఉంటే ఆస్ట్రేలియా 20 సెంట్ల నాణెం ఒకటి తెచ్చిపెట్టమని అడగండి. దానిమీద ప్లాటిపస్ బొమ్మ ఉంటుంది.

నాణెం మీదకు ఎక్కింది గాని, వాగుల్లో దాని బతుకు అంత బాగాలేదు. వానలు లేక వాగులు ఎండుతున్నాయి. ఆనకట్టలు అడ్డం వస్తున్నాయి. 2016లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని ప్రమాదపు అంచుకు చేరుతున్న జంతువుల జాబితాలో వేసింది. రొయ్యల కోసం వేసే మూతబోను వలల్లోకి తిండికని దూరి, పైకి తేలి గాలి పీల్చలేక చాలా చచ్చిపోయాయి. అందుకని ఆ వలలను విక్టోరియా రాష్ట్రం 2019లోనూ, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2021లోనూ నిషేధించాయి. సిడ్నీకి దక్షిణాన రాయల్ నేషనల్ పార్కులో సుమారు 50 ఏళ్ళుగా ప్లాటిపస్ కనబడలేదు. 2023లో కొన్నిటిని తెచ్చి అక్కడి నదిలో వదిలారు. ఆ తరువాత అక్కడ పిల్ల కూడా కనిపించింది. మనిషి చెడగొట్టినదాన్ని మనిషే కొంతవరకయినా బాగుచేయగలడన్నమాట.

ఈ గండం మనకు దూరపు సంగతి కాదు. మన సముద్రంలో తాబేళ్ళు కూడా పెద్ద వలల్లో చిక్కుకుని, పైకి వచ్చి గాలి పీల్చలేక, చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. తేలినీలాపురంలో మాత్రం చూడండి. ఆ ఊరివారు తమ ఊరి చెట్లమీద గూళ్ళు కట్టే గూడబాతులనూ, కొంగలనూ ఇంటికి వచ్చిన చుట్టాల్లాగా చూసుకుంటారు. అవి వస్తే ఊరికి శుభమని వారి నమ్మకం. ఏ నెలలో వస్తాయో, ఏ చెట్టు ఎక్కుతాయో ఏ పుస్తకమూ చూడకుండా చెబుతారు.

కాబట్టి ఈ నెల మీకొక పని. మీ ఊళ్ళో చేపలు పట్టే తాతనో, పశువులు కాసే మామనో, తోట కాపలా కాసే అవ్వనో అడిగి, ఏదైనా ఒక జంతువును గురించి వారు కళ్ళారా చూసిన సంగతి ఒకటి రాసుకోండి. నవ్వకండి. తరువాత మీరూ వెళ్ళి, దాన్ని బెదరగొట్టకుండా, ఓపికగా చూడండి. చూసింది కూడా కిందనే రాసుకోండి. రెండూ కలిస్తే సంతోషమే. కలవకపోతే మరీ సంతోషం, ఎందుకంటే ఇంకా తెలుసుకోవలసింది ఏదో ఉన్నదన్నమాట.

ఇక మీరు గీసిన కాగితం సంగతి. ప్లాటిపస్ పేరు రెండు పక్కలా రాయండి. ఆ మధ్యగీత కలంతో గీసి ఉంటే మాత్రం, ఈసారికి పెన్సిలుతో గీయండి.